రంధ్రానికీ రంధ్రానికీ మధ్య

హీయుమా దీవిలో జనవరి.
సముద్రం మీద బండి పోవచ్చా, పోకూడదా
హెల్దుర్ చెప్పాలి.

చీకటితోనే బరమా భుజానేసుకుని
గడ్డకట్టిన నీటి మీదికి నడుస్తాడు.
వంద అడుగులకొక రంధ్రం.
గుర్తులు చెక్కిన కర్ర దించి,
చేతితొడుగు పళ్లతో లాగి,
పెన్సిలుతో రాస్తాడు:
ఇరవై ఆరు. ఇరవై నాలుగు.
రెల్లు దుబ్బుల దగ్గర తొమ్మిది.
మీసం మీది మంచు కరిగేలోపు
ఆ అంకెలు వెబ్‌సైట్‌కి ఎక్కుతాయి.
ఒక పటం, రెండు ఫొటోలు, సోకుల్లేవు.
పన్నెండు చలికాలాలుగా ఇంతే.

ఈ ఏడాదే ఎవరో చెప్పారు,
లోకంలోని సైట్లన్నిటికీ ర్యాంకులిచ్చే చోటు ఒకటుందని.
తన సైటు పేరు కొట్టి చూశాడు.
నలభై మూడు లక్షల పన్నెండు వేల ఆరు.

ఆ చివరి ఆరు దగ్గర ఆగిపోయాడు.
ఎంత కచ్చితం!
సముద్రం గురించి తానెన్నడూ
అంత ధీమాగా చెప్పి ఎరగడు.

అప్పట్నుంచి బరమా కంటే ముందు ర్యాంకు.
ఒక మంగళవారం తొంభై వేల మెట్లు ఎగబాకింది.
ఆ రాత్రి ఆవిరిగది రాజేసి
పక్కింటి ఎండెల్‌కి బీరు పోశాడు,
ఎందుకో చెప్పడానికి సిగ్గుపడ్డాడు.
మరో వారానికి రెండు లక్షల మెట్లు జారింది.
ఏం తప్పు రాశానోనని
పాత అంకెలన్నీ వేలు పెట్టి చదువుకున్నాడు.
తాలిన్ నుంచి మంచు టైర్ల రైగో ఫోను:
"ప్రకటన ఇద్దామనే ఉంది, కానీ మీ ర్యాంకు చూస్తే..."
మిగతాది నసుగుడు.

బడిలో లెక్కలు చెప్పే లేలో
పిల్లల్ని స్కేటింగుకి తీసుకెళ్లొచ్చా అని అడగడానికొచ్చి
తెర వైపు తొంగి చూసింది.
"వాళ్లు అందర్నీ లెక్కపెట్టరు.
తమ పనిముట్టు తగిలించుకున్న కంప్యూటర్లనే చూస్తారు.
మిగతాదంతా గుణింతం."
"మన దీవిలో ఎవరికుందది?"
కాసేపు ఆలోచించింది.
"నాకుండేది. మొన్న మావాడు
లాప్‌టాప్ మీద పాలు ఒలకబోశాడు.
ఆ మంగళవారం మాత్రం, పిల్లల కోసం
మీ పేజీ పొద్దుట్నుంచీ తెరుస్తూనే ఉన్నాను."

కాఫీ చల్లారింది.
రెండు లక్షల మెట్లు, ఒక గ్లాసు పాలు.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు చాలంటారు.
నిజమే, ఒకే గిన్నెలో,
ఒకే మంట మీద ఉడికితే.
జనం కిక్కిరిసిన చోట
ఎవరు ఏనుగో ఎవరు ఎలకో ఆ ర్యాంకు చెబుతుందేమో.
ఇక్కడ, వరస చిట్టచివర,
ఒకరు తుమ్మితే అంకె మారుతుంది.

హెల్దుర్ తన సర్వర్ చిట్టా విప్పాడు.
నిన్న డెబ్బై రెండు.
అందులో పదకొండు మనుషులు కావు, యంత్రాలు.
మంత్రసాని ఐలి మూడుసార్లు పడింది:
ఫోనులో, ఇంట్లో, ఆసుపత్రిలో.
పాలబండి అతను అసలు పడలేదు,
అతనికి భార్య చదివి వినిపిస్తుంది.
ఇదీ పూర్తి నిజం కాదు.
కానీ సొంత కర్ర,
ఎక్కడ అరిగిందో తనకు తెలుసు.

రైగోకి ఫోన్ చేసి చెప్పాడు:
"నా ర్యాంకు లేలో లాప్‌టాప్.
నన్ను చదివేవాళ్లు రోజుకి అరవై, కాస్త అటూ ఇటూ.
దాదాపు అందరూ మంచు మీద బండి నడిపేవాళ్లే."
ఆలోచించి చెబుతానన్నాడు రైగో.
ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

తెల్లారి గాలి పడమటి నుంచి.
రెల్లు దుబ్బుల దగ్గర ఎప్పటి రంధ్రం: తొమ్మిది.
వెళ్లబోయినవాడల్లా వెనక్కొచ్చి
రెండడుగుల అవతల ఇంకొకటి తవ్వాడు.

నాలుగు.

చేతితొడుగు పళ్ల మధ్య అలాగే ఉండగా
రెండూ రాసుకున్నాడు,
పక్కపక్కనే.